మిర్చి ఎగుమతి మెయిళ్లలో ఇంగ్లిష్: ఏది తప్పు, ఏది మన వాడుక, ఏది మారుతున్న భాష

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది. గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసు. పాత గుమాస్తాగారు నేర్పిన "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్", "కైండ్లీ రివర్ట్ బ్యాక్"తోనే ఇన్నాళ్లూ మెయిళ్లు నడిచాయి. కొత్తగా చేరిన కుర్రాడు ఇవన్నీ తప్పులంటున్నాడు. కంప్యూటరేమో గీతలు గీస్తోంది. పైగా అమెరికా కొనుగోలుదారు ఒక్క మనిషి గురించి రాస్తూ "దే" అన్నాడు. మీ అమ్మాయి విజయవాడలో ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) కోచింగుకి వెళ్తుంటే అక్కడ "ప్రీపోన్" (అనుకున్న రోజుకన్నా ముందే పెట్టుకోవడం) అనే మాటే లేదన్నారట. ఇంతకీ ఏ ఇంగ్లిష్ రాయాలి అని అడిగారు.

మీ కుర్రాడు మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే గాటన కట్టేశాడండీ. మన దేశపు వాడుక ఒకటి. ఇంగ్లిష్ తనకు తానే మారుతున్న చోట్లు ఇంకొకటి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాయడం వల్ల అర్థమే తిరగబడేవి మూడోది. అందరూ మొదటి దాని మీద పడి ఎగతాళి చేస్తారు. సరుకు ఆగేదీ, డబ్బు ఇరుక్కునేదీ మూడో దానితో. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

"పది రోజుల్లో సరుకు పంపుతాం" అని మనం అంటే పది రోజుల లోపు ఎప్పుడైనా అని. దాన్నే "వి విల్ షిప్ ఇన్ టెన్ డేస్" అని రాస్తే చదివేవాడికి తట్టేది "ఇవాళ్టి నుంచి పదో రోజు అటూ ఇటూగా" అని. మీరు నాలుగో రోజున కంటైనర్ ఎక్కించేశారనుకోండి, అటు వైపు కాగితాలు ఇంకా సిద్ధం కాలేదంటాడు. లోపు అని చెప్పాలంటే "వితిన్ టెన్ డేస్". (అయిపోయిన పని గురించి "వి ఫినిష్డ్ ఇట్ ఇన్ టెన్ డేస్" అంటే పది రోజులు పట్టిందనే అర్థం, అది వేరు.) అన్నిటికన్నా మేలు తారీకు రాయడం: "బై 15 జూన్". ఇందులో పదిహేనో తేదీ కూడా కలిసే ఉంటుంది. అనుమానం ఉంటే "ఆన్ ఆర్ బిఫోర్ 15 జూన్" అనండి. "టిల్" మాత్రం ఇక్కడ పనికిరాదు. దానికి "వరకు" అని అర్థం, "లోపు" అని కాదు. "వి విల్ పే టిల్ 15 జూన్" అంటే పదిహేను దాకా కడుతూనే ఉంటామని. అలాగే "బిఫోర్ టెన్ డేస్ వి సెంట్ ద శాంపిల్" అన్నది మన "పది రోజుల ముందు పంపాం"కి నకలు. అది "టెన్ డేస్ అగో" కావాలి.

రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మాట పూర్తిగా ఎదురు తిరుగుతుంది. "అనుమానం" అన్న ఒక్క మాటతో మనం రెండు పనులు చేయించుకుంటాం. "తేమ 12 శాతం దాటిందేమోనని నా అనుమానం" అంటే దాటిందనే మీ భయం. దాన్ని "ఐ డౌట్ ద మాయిశ్చర్ ఈజ్ అబౌవ్ 12 పర్సెంట్" అని రాస్తే, దాటి ఉండదని మీరు భరోసా ఇస్తున్నట్టు. కొనుగోలుదారు నిశ్చింతగా ఉంటాడు, లాట్ దిగాక గొడవ. ఉందేమో అనుకుంటే "సస్పెక్ట్", లేదేమో అనుకుంటే "డౌట్". క్లాసులో "ఐ హ్యావ్ ఎ డౌట్" అని చెయ్యెత్తడం మన దేశమంతా ఉన్నదే, మనలో మనకు ఇబ్బంది లేదు. విదేశీ కొనుగోలుదారుతో అంటే మాత్రం తన మాట మీద నమ్మకం లేదంటున్నారని అనుకుంటాడు. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" చాలు.

ఫోన్లో జరిగేది మరొకటి. అటు నుంచి "డిడ్‌న్ట్ యూ గెట్ ద పేమెంట్?" అని అడుగుతారు. మనం "డబ్బు రాలేదా?" అంటే "ఆఁ, రాలేదు" అంటాం. అడిగినవాడి మాటను ఒప్పుకుంటున్నాం కాబట్టి "ఆఁ". అదే అలవాటుతో "యెస్" అనేసి ఊరుకుంటే, ఇంగ్లిష్ చెవికి అది "వచ్చింది" అని వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో యెస్, నో అడిగిన మాటను బట్టి ఉండవు, జరిగినదాన్ని బట్టి ఉంటాయి. వస్తే యెస్, రాకపోతే నో. గీత గీసి చెబుతున్నాను, ఇలాంటి ప్రశ్నకు ఒంటి మాటతో జవాబు ఇవ్వకండి. "నో, వి హ్యావ్‌న్ట్ రిసీవ్డ్ ఇట్" అని నిండు వాక్యం చెప్పించండి ఆఫీసులో అందరిచేతా.

"వుడ్" సంగతి. మర్యాదగా ఉంటుందని "వి వుడ్ షిప్ ఆన్ మండే" అని రాస్తుంటారు. వుడ్ వినగానే "అయితే ఏ షరతు మీద?" అని చూస్తాడు చదివేవాడు. షరతు లేనప్పుడు "విల్". ఇక "ఏ", "ద" విషయం: "వి సెంట్ కంటైనర్" అంటే అది ఏది అని తిరిగి మెయిల్ వస్తుంది. కొత్తగా చెబుతున్నదైతే "ఏ కంటైనర్", ఇద్దరికీ తెలిసినదైతే "ద కంటైనర్". నంబరు కూడా రాసేస్తే ఈ బెడదే తగ్గుతుంది.

ఇప్పుడు మన వాడుక సంగతి.

"ప్రీపోన్" ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉంది, భారతీయ ఇంగ్లిష్ అన్న గుర్తుతో. "అలాంటి మాట లేదు" అనడం సరికాదు, "అమెరికాలో, బ్రిటన్‌లో వాడరు" అంటే సరి. నిజానికి అది వాళ్ల మాటకన్నా నయం. "బుధవారం మీటింగును రెండు రోజులు ఫార్వర్డ్ జరిపాం, ఏ రోజు?" అని ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లనే అడిగితే కొందరు సోమవారం అంటారు, కొందరు శుక్రవారం అంటారు. భాషాశాస్త్రంలో పేరున్న ప్రయోగం ఇది. మన "ముందుకు జరిపారు"లోనూ అదే తిరకాసు ఉంది చూడండి. ప్రీపోన్‌లో ఆ తికమక లేదు. అయినా అవతలివాడికి తెలియని మాట మనకెంత బాగున్నా ఉపయోగం లేదు కాబట్టి విదేశీ మెయిల్లో "వి హ్యావ్ మూవ్డ్ ద కాల్ ఫ్రమ్ వెన్స్‌డే టు మండే" అని రెండు రోజులూ రాసేయండి. హైదరాబాదుకో ముంబైకో రాసేటప్పుడు ప్రీపోన్ నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఇలాంటి ఇరకాటం మనకే ఉందనుకోకండి. కమిటీలో ఒక విషయాన్ని "టేబుల్" చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచయుద్ధంలో రెండు దేశాల అధికారులూ ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాసుకున్నాడు.

"డూ ద నీడ్‌ఫుల్" మనం పుట్టించింది కాదు. 19వ శతాబ్దపు బ్రిటిష్ వ్యాపార ఉత్తరాల్లో మామూలు మాట. అక్కడ పాతబడి పోయింది, మన ఆఫీసుల్లో నిలిచింది. దాని మీద నా అభ్యంతరం వ్యాకరణం గురించి కాదు. ఏం చేయాలో చెప్పకుండా పని అప్పగించినట్టు అనిపిస్తుంది, అదీ చిక్కు. సంతకం పెట్టాలా, డబ్బు పంపాలా, శాంపిల్ చూడాలా? అది రాయండి. మన కరెంటాఫీసుకో, మునిసిపాలిటీకో పెట్టే అర్జీలో మాత్రం ఉంచండి. అక్కడ ఏం చేయాలో చదివేవాళ్లకే బాగా తెలుసు, ఆ వాక్యం లేకపోతేనే వింతగా చూస్తారు.

"రివర్ట్"ను మాత్రం విదేశీ మెయిళ్లలోంచి ఇవాళే తీసేయండి. మనకు అది "జవాబివ్వండి". బయటివాళ్లకు "పాత స్థితికి వెళ్లడం". "కైండ్లీ రివర్ట్ ఆన్ ద ప్రైస్" అన్న వాక్యాన్ని ధరల బేరం మధ్యలో చదివినవాడు, పాత ధరకే పొమ్మంటున్నారా అని ఆగిపోతాడు. "ప్లీజ్ రిప్లై" అంటే సరిపోయేదానికి ఈ పాట్లెందుకు? "రివర్ట్ బ్యాక్"లో "బ్యాక్" ఎలాగూ దండగే.

వ్యాపారం మాటల్లో ఒకటి మీకు నేరుగా తగులుతుంది. అమెరికా దుకాణంలో "చిలీ పౌడర్" అంటే ఉత్త కారం కాదు. ఎండుమిర్చిలో జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపిన మసాలా అది. మీరు తేజ రకం మిర్చి కారానికి ఆ పేరు పెట్టి కోట్ చేస్తే ఇంకేం కలిపారని అడుగుతాడు. "గ్రౌండ్ రెడ్ చిలీ, 100 పర్సెంట్, నో యాడెడ్ ఇంగ్రీడియంట్స్" అని విడమరిచి రాయండి. స్పెల్లింగు బ్రిటన్‌కు రెండు ఎల్‌లతో, అమెరికాకు ఒక ఎల్‌తో. తూకం క్వింటాళ్లలో రాయకండి, టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) అసలే వద్దు. కిలోలో, మెట్రిక్ టన్నులో రాయండి. "టన్" అని ఊరుకుంటే అమెరికాలో 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. "10 లాక్స్" బదులు "1 మిలియన్", కామాలు కూడా 1,000,000 అని. 05/06 మనకు జూన్ అయిదు, అమెరికాలో మే ఆరు, కాబట్టి నెల పేరు అక్షరాల్లో.

గోడౌన్ అంటే అమెరికావాడికి తెలియకపోవచ్చు, "వేర్‌హౌస్" అనండి. మలయ్, పోర్చుగీసు నోళ్ల మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లిన ఆ మాట మూలం వెతికితే నిఘంటువులు మన గిడ్డంగి వైపు, తమిళ కిడంగు వైపు వేలు చూపిస్తాయి. బ్యాండికూట్ అయితే అచ్చంగా మన పందికొక్కే.

ఎవరైనా గుంటూరుకో బెజవాడకో వస్తుంటే దారి చెప్పే మెయిల్లో రెండు జాగ్రత్తలు. మనకు "సెంటర్" అంటే నాలుగు రోడ్ల కూడలి. లాడ్జి సెంటర్, లెనిన్ సెంటర్ అనగానే బయటివాడు ఏదో భవనం కోసం వెతుకుతాడు. "జంక్షన్" అని చేర్చండి. రెండోది, "అవర్ ఆఫీస్ ఈజ్ బ్యాక్‌సైడ్ ఆఫ్ ద బస్ స్టాండ్" అని రాయకండి. బ్యాక్‌సైడ్ అంటే వాళ్లకు మనిషి కూర్చునే భాగం. "బిహైండ్" అనండి.

మీ కొనుగోలుదారు రాసిన "దే" పొరపాటు కాదు. ఆడో మగో తెలియనప్పుడు, చెప్పనక్కర్లేనప్పుడు ఒక్క మనిషికి "దే" వాడటం 14వ శతాబ్దం నుంచీ రాతల్లో ఉంది. మధ్యలో బడి పుస్తకాలు "హీ" రాయాలని పట్టుబట్టాయి, జనం నోట్లోంచి మాత్రం పోలేదు. ఆ తర్వాత తాను ఆడా కాదు, మగా కాదు అనుకునేవాళ్లు కూడా తమకు "దే" వాడమని కోరడంతో దీనికి ఇంకో వాడుక చేరింది. మెరియం-వెబ్‌స్టర్ 2019లో దీన్నే ఆ ఏటి మాటగా ఎంచింది, అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం అదే ఏడాది తెచ్చిన ఏడో కూర్పు శైలి నియమాల్లో ఆమోదించింది. మీరు జవాబు రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: మనిషి ఒక్కరైనా క్రియ బహువచనమే. "దే ఆర్", "దే హ్యావ్".

తెలుగువాళ్లకు ఇది వింత కాకూడదు. "కలెక్టరుగారు వచ్చారు" అన్నప్పుడు వచ్చింది ఒక్కరే, క్రియ బహువచనం, ఆడా మగా అన్నదీ అందులో లేదు. అసలు ఇంగ్లిష్ "యూ" కూడా ఒకప్పుడు బహువచనమే. ఏకవచనానికి "దౌ" ఉండేది, అంటే మన నువ్వు. పెద్దవాళ్లను బహువచనంలో పిలవడం మర్యాద అయింది, మర్యాద తక్కువైతే ఎలా అన్న భయంతో అందరినీ "యూ" అనడం అలవాటైంది, 17వ శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లో "దౌ" దాదాపు కనుమరుగైంది. అందుకే ఒక్కరున్నా "యూ ఆర్" అంటారు, "యూ ఈజ్" అనరు. అప్పట్లో దీన్నీ తప్పన్నవాళ్లున్నారు.

"లిటరల్లీ" గురించి కూడా కుర్రాడు ఏదో అన్నట్టున్నాడు. "ఐ లిటరల్లీ డైడ్" లాంటి, నిజంగా జరగనిదాన్ని "అక్షరాలా" అనే వాడుకను నిఘంటువులు గుర్తించాయి, "మాటల్లో వాడేది" అన్న హెచ్చరికతో. కాంట్రాక్టు కాగితంలో రాయరు, అంతే.

మరి మారిందో లేదో తేల్చేదెవరు? ఫ్రెంచికి 1635 నుంచి ఒక అకాడమీ ఉంది. ఇంగ్లిష్‌కి అలాంటి పెద్దమనుషుల సభ లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో నిఘంటువు ముగించేసరికి, భాషను కట్టి నిలపడం తనవల్ల అయ్యేది కాదని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. రాతగాళ్లు ఏది ఎక్కువగా రాస్తే అదే నియమమవుతుంది. కొన్నిసార్లు పండితుల పైత్యం కూడా కలుస్తుంది. మీ బిల్లు పుస్తకం మీదున్న "రిసీట్"లో పలకని "పి" ఉంది కదా, "డెట్"లో పలకని "బి" ఉంది కదా, ఆ రెండూ లాటిన్ మూలం కనబడాలని చదువుకున్నవాళ్లు తెచ్చి గుచ్చినవే. మామూలు మాటల్లో జనం వాటిని పలకరు.

కాబట్టి ఒక మాట మీద మీకూ కుర్రాడికీ పంతం వస్తే వాదించుకోకుండా ఇలా చూడండి. ముందు ఆక్స్‌ఫర్డ్ లేదా కేంబ్రిడ్జ్ విద్యార్థి నిఘంటువు వెబ్‌సైటులో మాట కొట్టి, అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే గుర్తు చదవండి: భారతీయ ఇంగ్లిష్, అమెరికన్, పాతబడింది, మాటల్లో వాడేది. సగం తగాదాలు అక్కడే తీరతాయి. ఒంటి మాట కాక పదబంధమైతే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ (పుస్తకాల్లో ఏ మాట ఎంత వాడారో గీతలుగా చూపే వెబ్‌సైటు) తెరిచి, రెండు రూపాల్నీ మధ్యలో కామా పెట్టి రాయండి, కింద బ్రిటిష్ పుస్తకాలు, అమెరికన్ పుస్తకాలు విడివిడిగా ఎంచుకుని గీతలు పోల్చండి. "డిస్కస్ ద ప్రైస్", "డిస్కస్ అబౌట్ ద ప్రైస్" పెట్టి చూడండి, రెండో గీత నేలకు అంటుకుని ఉంటుంది, లేదా అసలు కనబడదు. ఏ దేశంలో ఎంత అని కావాలంటే 20 దేశాల వెబ్ పేజీల నుంచి 190 కోట్ల మాటలతో కూర్చిన గ్లోబల్ వెబ్ ఇంగ్లిష్ కార్పస్ ఉంది. పేరు నమోదు చేసుకుంటే మాట మాటకీ దేశాల వారీగా లెక్క చూపిస్తుంది. ఉత్త గూగుల్ వెతుకులాటలో వచ్చే "ఇన్ని ఫలితాలు" అన్న అంకెను మాత్రం నమ్మకండి, అది ఉజ్జాయింపు.

కంప్యూటరు గీతల్లో చాలావరకు భాష అమరిక తేడా వల్ల వచ్చేవే. వర్డ్‌లో కంట్రోల్-ఏ నొక్కి, రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి, లండన్ మెయిల్‌కి యునైటెడ్ కింగ్‌డమ్, అమెరికాకి యునైటెడ్ స్టేట్స్ ఎంచుకోండి. అదే పెట్టెలో "స్పెల్లింగ్, గ్రామర్ చూడవద్దు" అన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి. ఇది చేశాక "కలర్", "సెంటర్" లాంటి వాటి కింద గీతలు పోతాయి. "ఇన్ టెన్ డేస్" కిందా "ఐ డౌట్" కిందా గీత పడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. వాక్యాలుగా అవి తప్పులు కావు, మీరు అనుకున్నది అది కాదన్న సంగతి యంత్రానికి తెలిసే దారి లేదు.

మీరు పంపిన నమూనా మెయిల్ ఇది: "విత్ రెఫరెన్స్ టు ద అబౌవ్, బిఫోర్ టెన్ డేస్ వి హ్యావ్ సెంట్ శాంపిల్. కైండ్లీ రివర్ట్ బ్యాక్ ఆన్ ద ప్రైస్ అండ్ డూ ద నీడ్‌ఫుల్ అట్ ద ఎర్లియెస్ట్." దీన్ని నేనైతే ఇలా రాస్తాను: "వి సెంట్ ద తేజ శాంపిల్ ఆన్ 3 జూన్. ప్లీజ్ కన్‌ఫర్మ్ ద ప్రైస్ అండ్ సెండ్ అస్ ద సైన్డ్ కాంట్రాక్ట్ బై 20 జూన్." "ద అబౌవ్" తీసేశాను, పైన సబ్జెక్ట్ గడిలో ఏముందో అతనికి కనబడుతూనే ఉంటుంది. తారీకు చెప్పాక "హ్యావ్ సెంట్" కుదరదు, "సెంట్" రావాలి. "అట్ ద ఎర్లియెస్ట్" అంటే అతనికి "అంతకన్నా ముందు కుదరదు" అన్న అర్థం, మన "వీలైనంత త్వరగా" కాదు. "కైండ్లీ" తప్పేం కాదు గానీ మోసపు మెయిళ్లలో ఈ మాట మరీ ఎక్కువగా కనబడి అమెరికావాళ్లకు అనుమానం పట్టుకుంది, "ప్లీజ్"తో పోయేదేం లేదు.

అమ్మాయి పరీక్ష సంగతికి వస్తే, ఐఈఎల్‌టీఎస్ రాతలో బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఒప్పుకుంటారు, ఒక వ్యాసంలో ఒకటే పాటించమనండి. మార్కులు నాలుగు అంశాలకు సమానంగా పంచుతారు: అడిగినదానికి జవాబు, అల్లిక, పదాల వాడకం, వ్యాకరణం. ప్రీపోన్ ఒక్కసారి వాడినంత మాత్రాన మునిగేదేం లేదు. పదే పదే వచ్చే "ఎక్విప్‌మెంట్స్", "ఇన్ఫర్మేషన్స్", "అడ్వైసెస్", "వన్ ఆఫ్ మై ఫ్రెండ్", "డిడ్‌న్ట్ వెంట్" లాంటివే బ్యాండు (ఆ పరీక్షలో ఇచ్చే స్కోరు) తగ్గిస్తాయి. మొదటి మూడింటికీ చివర "ఎస్" ఉండదు, "వన్ ఆఫ్ మై" తర్వాత "ఫ్రెండ్స్" రావాలి, "డిడ్‌న్ట్" తర్వాత "గో".

"ఏ", "యాన్" మధ్య తడబడుతుంటే అక్షరం చూడొద్దని, నిఘంటువులోని ఉచ్చారణ బొత్తం నొక్కి మొదటి శబ్దం వినమని చెప్పండి. "యాన్ ఎమ్మెల్యే", "యాన్ ఎఫ్ఐఆర్", "యాన్ అవర్", కానీ "ఏ యూనివర్సిటీ", "ఏ వన్-రూపీ కాయిన్". మన నోట్లో పదం మొదటి "ఎ"కి ముందు "య" దూరి "యెమ్మెల్యే" అవుతుంది కాబట్టి "ఏ ఎమ్మెల్యే" అన్నది మన చెవికి తప్పుగా తోచదు. సొంత ఉచ్చారణను నమ్ముకుంటే దెబ్బ తినేది అక్కడే. రాత పరీక్షలో రెండో భాగమైన వ్యాసానికి 40 నిమిషాలు, కనీసం 250 మాటలు. చివరి నాలుగు నిమిషాలు ఒక్క "ఎస్"లు, "ఏ-యాన్-ద"లు వెతకడానికే ఉంచుకోమనండి.